ఏడాది ఆటల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. కొన్ని చోట్ల మళ్లీ వెనక్కి వెళ్లి చదివాను. 2025లో నువ్వు పూర్తి చేసిన వీడియో గేములన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టావు. ఒక్కోదానికి ఒక పేరా కథ, గ్రాఫిక్స్ గురించి రెండు మాటలు, చివర్లో పదికి ఇన్ని అని మార్కులు. భాష శుభ్రంగా ఉంది, తప్పుల్లేవు. కానీ ఇన్ని పేజీల్లో నువ్వు నాకు కనిపించింది ఒక్కచోటే. ఒకమ్మాయి కొండ ఎక్కే ఆట సెలెస్ట్ దగ్గర, "రాత్రి రెండింటికి పక్క మంచం మీదవాడు లేచి, ఇంకా ఆ కొండ మీదే ఉన్నావా అన్నాడు" అని రాశావు. ఆ వెంటనే దాన్ని వదిలేసి కథలోకి వెళ్లిపోయావు. అక్కడే ఆగాల్సింది. ఆ గది ఎలా ఉంది, లైటు ఆర్పేసి ఆడుతున్నావా, వాడికి ఏం చెప్పావు, ఆ తర్వాత మళ్లీ ఎక్కావా లేదా? నాకు అవి కావాలి.

ఆట గురించి రాసేటప్పుడు నీ చేతులు ఏం చేశాయో రాయి. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. కథ ఎవరైనా చెప్తారు, యూట్యూబ్‌లో పది నిమిషాల్లో దొరుకుతుంది. సినిమాలో హీరో కొండ ఎక్కుతుంటే మనం చూస్తాం. ఆటలో మన బొటనవేలు నొప్పి పుట్టేదాకా మనమే ఎక్కుతాం. ఆ తేడా వ్యాసంలో లేకపోతే నువ్వు ఆట గురించి రాసినట్టు కాదు.

వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్ (2017) గురించి "శాపం తగిలిన కుటుంబంలో ఒక్కొక్కరూ ఎలా చనిపోయారో చెప్పే కథ" అని రాసి వదిలేశావు. అందులో లూయిస్ భాగం గుర్తు తెచ్చుకో. అతనిది చేపల ఫ్యాక్టరీలో పని. ఒక చేత్తో చేపను అందుకోవాలి, కత్తి కిందకి జరపాలి, తల తెగాక పక్కకు తోసేయాలి. మళ్లీ ఇంకో చేప. అది జరుగుతుండగానే రెండో చేత్తో అతని ఊహలో ఒక మనిషిని నడిపించాలి. మొదట్లో ఆ ఊహ తెర మీద ఒక పక్కన చిన్నగా ఉంటుంది. మెల్లమెల్లగా పెరిగి ఫ్యాక్టరీని కప్పేస్తుంది. అయినా చేపలు కోసే చెయ్యి ఆగదు. అప్పటికి దానికి అలవాటైపోయింది. రోజంతా ఒకే పని చేసే మనిషి మనసు ఎటు పోతుందో మన రెండు చేతులకీ తెలిసేలా చేశారు. ఇంత గొప్ప సన్నివేశం నేను ఏ కథలోనూ రాయలేకపోయాను, రాయాలని మాత్రం ఇప్పటికీ ఉంది. నువ్వు గచ్చిబౌలిలో పొద్దున్నుంచి రాత్రిదాకా సపోర్ట్ టికెట్లు క్లోజ్ చేసే ఉద్యోగం చేస్తున్నావు. ఈ భాగం ఆడుతుంటే నీకేమీ అనిపించలేదంటే నేను నమ్మను. దాన్ని రాయి.

నా తరంలో హైదరాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాళ్లే. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో సార్ బయటికి వెళ్లగానే అందరి స్క్రీన్ల మీదా అదే. 1989లో వచ్చిన ఆట, ఒక గంటలో ముగించాలి. దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని చూసి రాకుమారుడి బొమ్మ గీశాడు. అందుకే ఆ రాకుమారుడు అంచు మీద తడబడితే మన కడుపులో కదిలేది. అది ఒక నిజమైన పిల్లాడి తడబాటు.

అందులో ఒకచోట దారికి అడ్డంగా నిలువుటద్దం ఉంటుంది. పరిగెత్తుకుంటూ వచ్చి దాంట్లోంచి దూకితే తప్ప ముందుకు పోలేం. దూకగానే మన ప్రాణం అడుగంటుతుంది, అద్దం అవతలి వైపు నుంచి మన నీడ దూకి పారిపోతుంది. తర్వాత అదే నీడ మనం తాగబోయే మందు తాగేస్తుంది, మన ముందే తలుపు మూయించేస్తుంది. చివరికి కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. దాన్ని పొడిస్తే రక్తం తగ్గేది మనకే. మళ్లీ పొడిస్తే మళ్లీ మనకే. చేయాల్సింది ఒక్కటే, కత్తి ఒరలో పెట్టి నీడకి ఎదురుగా నడవడం. రెండూ కలిసి ఒకటైపోతాయి. మెమరీ చాలక కొత్త శత్రువుని పెట్టే చోటు లేకపోతే, ఉన్న బొమ్మనే కాస్త మార్చి వాడుకుంటే పుట్టిన పాత్ర ఆ నీడ. ఆ కత్తి దించే బటన్ దగ్గర వేలు ఎంతసేపు ఆగుతుందో ఆడినవాళ్లకే తెలుసు. దించితే ఎదుటివాడు చంపేస్తాడేమో అన్న టెన్షన్. నేనైతే ఈ ఆట గురించి రాస్తే రాకుమారి, మంత్రి, కోట అన్నీ ఒక వాక్యంలో తేల్చేసి, మిగతా పేజీ అంతా ఆ వేలి గురించే రాస్తాను.

ఇప్పుడు నీ సెలెస్ట్‌కి వద్దాం. కొండ మీదకి వెళ్లే రోప్‌వే మధ్యలో ఆగిపోతుంది, కొండ ఎక్కే ఆ అమ్మాయి మేడలిన్‌కి ఊపిరాడదు. పక్కనున్న థియో ఒక ఈకను ఊహించుకోమంటాడు. తెర మీద ఈక కనిపిస్తుంది. బటన్ నొక్కితే పైకి, వదిలితే కిందికి. ఆమె శ్వాసతోపాటు దాన్ని గీతల మధ్య నిలపాలి. అప్పటిదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దబదబా బటన్లు నొక్కిన వేళ్లు అక్కడ నెమ్మదించాలి. ఆడేవాళ్లు కూడా తెలీకుండానే ఊపిరి లోపలికి తీసి వదులుతారు. నువ్వు దీన్ని "మానసిక ఆరోగ్యం గురించి మంచి సందేశం ఉంది" అన్న ఒక్క ముక్కలో చెప్పేశావు. సందేశం సంగతి తర్వాత. నీ ఊపిరి ఏమైంది?

ఏం జరిగిందో గుర్తు లేదంటావేమో. ఆటలాడేవాళ్లకి ఉన్న అదృష్టం మిగతా రచయితలకి లేదు, నువ్వు ఆటలు కొని ఆడే స్టీమ్‌లో నీ ప్రొఫైల్ తెరిచి చూడు. ఏ అచీవ్‌మెంట్ ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చిందో అందులో ఉంటుంది. దాని పక్కన నీ ఫోన్‌లో ఫొటోలు, ఫోన్‌పే లెక్కలు, ఆఫీసు మెయిళ్లు పెట్టుకో. హేడిస్‌లో మొదటిసారి బయటపడ్డది బోనాల ముందా, వినాయక నిమజ్జనం రోజా, ఇంటర్వ్యూకి వెళ్లి ఉత్త చేతులతో మియాపూర్ మెట్రో ఎక్కి వచ్చిన రాత్రా? ఆ మధ్య ఉద్యోగం మారడానికి చాలా తిరిగానని ఫోన్‌లో చెప్పావు. వ్యాసంలో అది ఒక్క ముక్క కూడా లేదు. హేడిస్ అసలు ఏమిటి? పాతాళం నుంచి పారిపోవాలనుకునే కొడుకు ప్రతిసారీ చచ్చి తండ్రి ఇంట్లోనే తేలతాడు. వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి కొత్తగా మాట్లాడతారు. ఒకసారి గెలిస్తే అయిపోదు, ఆ కథ ముగింపు చూడాలంటే పదిసార్లు బయటపడాలి. ఆ రోజుల్లో నువ్వు ఈ ఆటే ఎందుకు ఆడుతూ కూర్చున్నావో ఆలోచించి రాయి.

మార్కులు తీసెయ్. ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య తేడా నీకూ తెలీదు, చదివేవాళ్లకీ అక్కర్లేదు.

రోగ్‌లైక్, మెట్రాయిడ్‌వేనియా లాంటి మాటలతో పేరా మొదలుపెట్టకు. ఆడేవాళ్లకి అవి ముందే తెలుసు, ఆడనివాళ్లు అక్కడే పక్కన పెట్టేస్తారు. "చచ్చిన ప్రతిసారీ మొదటికొచ్చే ఆట" అంటే మీ పిన్నికి కూడా అర్థమవుతుంది. బాస్, లెవెల్, సేవ్, చెక్‌పాయింట్ లాంటివి అలాగే ఉంచు, వాటికి తెలుగు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

అవుటర్ వైల్డ్స్ (2019) పేరాలో మాత్రం నిర్దాక్షిణ్యంగా కోత పెట్టు. ఇరవై రెండు నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదలు, అంతవరకు చెప్పు చాలు. ఆ ఆటలో కొత్త ఆయుధం దొరకదు, బలం పెరగదు. నీ దగ్గర పెరిగేది తెలిసిన విషయం ఒక్కటే. నువ్వు చివరి రహస్యం కాస్తా రాసేస్తే, ఇంకా ఆడనివాళ్ల చేతిలోంచి ఆట మొత్తం లాగేసుకున్నట్టే. రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఓడలో ఉన్న అరవై మందిలో ఎవరు ఎలా పోయారో కనిపెట్టడమే ఆ ఆట. ఎవరెవరని చెప్పకుండా, ఒక ముఖాన్ని ఎలా గుర్తుపట్టావో చెప్పు. యాస విన్నావా, చేతికున్న ఉంగరం చూశావా, పడుకున్న ఉయ్యాల మంచం నంబరు చూశావా? చదివేవాళ్లకి ఆ వెతుకులాట రుచి తగిలితే చాలు.

వెన్బా (2023)కి నువ్వు రెండే వాక్యాలు ఇచ్చావు, చిన్న ఆట కాబట్టి. నిజమే, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. మా అబ్బాయి లాప్‌టాప్‌లో నేనూ ఆడాను. కెనడా వెళ్లిన తమిళ కుటుంబం, అమ్మ దగ్గర నుంచి వచ్చిన వంటల పుస్తకం, చిరిగిపోయిన పేజీలు. సగం అక్షరాలు పోయిన చోట మన బుర్ర ఉపయోగించి ఇడ్లీ వండాలి. టొరంటోలో విసై గేమ్స్ అనే చిన్న బృందం చేసింది. 2024లో బ్రిటన్‌లో సినిమాలకీ ఆటలకీ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు తొలి ఆట విభాగంలో అవార్డు ఇచ్చారు. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలో పుట్టినప్పటి నుంచి చూసిన మనకి, ఆ ఆటలో వేళ్లు తడుముకోవడం ఎలా ఉంటుంది? తెలిసిన పనే కదా అనుకుంటాం, చేయబోతే అమ్మని అడగాలనిపిస్తుంది. నువ్వు ఆ రాత్రి ఖమ్మం ఫోన్ చేశానని నాకు చెప్పావు. అమ్మతో ఏం మాట్లాడావో రాయి. నీ వ్యాసంలో అన్నిటికంటే పెద్ద పేరా దీనిదే అవుతుందని నా అనుమానం.

డబ్బు సంగతి కూడా రాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొన్నానన్నావు, ఆ నెల మెస్ బిల్లు ఎలా కట్టావు? ఏ ఆట సేల్‌లో కొన్నావు, ఏది ఫ్రెండ్ గిఫ్ట్ ఇచ్చాడు? మన ఊళ్లో ఆటలు ఆడటమంటే ఇవన్నీ కలిపే. అమెరికా కుర్రాడు రాసిన వ్యాసంలో ఉండనిది నీ వ్యాసంలో ఇక్కడే దొరుకుతుంది.

మధ్యలో వదిలేసినవాటికీ చోటివ్వు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో మంచు కొండలు దిగకముందే ఆపేశానన్నావు. ఎందుకు? గుర్రం నెమ్మదిగా పోతోందనా, పొద్దున్నే షిఫ్ట్ ఉందనా? పూర్తి చేసిన ఆట నీ ఓపిక గురించి చెప్తుంది. వదిలేసిన ఆట ఆ నెలలో నువ్వు ఎలా ఉన్నావో చెప్తుంది.

ఇంకొకటి. నీ జాబితాలో బీజీఎంఐ, అదే పబ్జీ మొబైల్‌కి ఇండియా రూపం, లేదు. ముగింపు లేని ఆట కాబట్టి పూర్తి చేసినవాటి కింద రాదని వదిలేసి ఉంటావు. కానీ ఏడాదంతా నువ్వు ఎక్కువసేపు ఆడింది అదే, అది నాకు తెలుసు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని నిషేధించినప్పుడు మీ ఇంటర్ బ్యాచ్ అంతా ఎలా చెల్లాచెదురైందో, 2021లో బీజీఎంఐ వచ్చాక మళ్లీ ఎలా కలిశారో, 2022లో అదీ పోయి 2023లో తిరిగొచ్చేసరికి ఎవరెవరు మిగిలారో ఒకసారి గంటసేపు చెప్పావు. ఒకడు దుబాయ్‌లో, ఒకడు వరంగల్‌లో, ఇంకొకడికి పెళ్లయింది. రాత్రి పదకొండుకి నలుగురూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విమానంలోంచి దూకుతారు, దిగేలోపు ఇళ్లల్లో విషయాలన్నీ మాట్లాడుకుంటారు. చివరికి గెలిచి చికెన్ డిన్నర్ వచ్చిందా లేదా అన్నది మీలో ఎవరికీ పెద్దగా పట్టదని కూడా అన్నావు. నువ్వు చెప్తుంటే నేను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అంత బాగా చెప్పావు. అలా చెప్పినవాడివి రాసేటప్పుడు ఎందుకు బిగుసుకుపోయావు?

కాబట్టి ముందు ఆ పేరా రాసి పంపు. ఫోన్‌లో చెప్పినట్టే, అదే వరసలో. ఆ తర్వాత సెలెస్ట్, హేడిస్, వెన్బా మూడూ ఉంచుకుని మిగతావి పక్కన పెట్టు. వచ్చే ఆదివారం పొద్దున నేను అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూడటానికి వస్తున్నాను. ప్రింట్ తీసుకుని రా, అక్కడే ఎక్కడైనా టీ తాగుతూ కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
అక్క