ల్యాబ్‌లో చేసిన ఊపిరితిత్తి నమూనా క్వారీ దుమ్ము గురించి నిజం చెప్పగలదా?

చెప్పగలదు, కానీ ఒక్కో నమూనా ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది: దుమ్ము ఎక్కడ ఆగుతుందో ఒకటి చూపిస్తే, ఆగినచోట ఏం చేస్తుందో మరొకటి చూపిస్తుంది.

మన శ్వాసనాళం చెట్టు కొమ్మల్లా సుమారు 23 సార్లు చీలుతుంది. సీటీ స్కాన్ చూసి పైకొమ్మలను త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీసి, అందులోకి గాలితో రేణువులను పంపి ఎక్కడ అంటుకున్నాయో కొలుస్తారు. 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటినవి ఎక్కువగా ముక్కు, గొంతులోనే ఆగిపోతాయి. 2.5 మైక్రాన్లలోపువి ఊపిరితిత్తి కొసన ఉండే గాలి గదుల దాకా పోగలవు. వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అంటే అసలు భయపడాల్సిన దుమ్ము కంటికి ఆనదు.

కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో రాయి కోస్తే లేచే దుమ్మునే తీసుకోండి. అందులో సిలికా, అంటే ఇసుకలోనూ ఉండే ఖనిజం, ఉంటుంది. 2010లో హార్వర్డ్‌లోని వైస్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చిప్ అనే ఒక చిన్న పారదర్శక పరికరంలో పలుచని పొరకు ఒకవైపు ఊపిరితిత్తి జీవకణాలు, మరోవైపు రక్తనాళ జీవకణాలు పెంచారు. ఆ పొరను ఊపిరి తీసినట్టు సాగదీస్తే నానో సిలికాకు వాపు స్పందన పెరిగింది. కదలని పళ్లెంలో పెంచిన కణాలు ఈ సంగతి చెప్పవు. అయితే అది క్వారీ దుమ్ము కాదు, అంతకన్నా చాలా సన్నని సిలికా.

చిప్ అంటే బుల్లి ఊపిరితిత్తి అని చాలామంది అనుకుంటారు. కాదు. దానికి దగ్గు రాదు, సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చి ఏళ్ల తరబడి ముదిరే ఊపిరితిత్తి జబ్బు సిలికోసిస్ అందులో కనిపించదు. కార్మికుడి పరిస్థితి తెలియాలంటే ఛాతీ ఎక్స్‌రే, శ్వాస పరీక్ష చేయించాల్సిందే.