పంతొమ్మిది మంది, ఒక కాటమరాన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. చలికాలంలో వాళ్ళ దగ్గరికి వెళ్ళే పెద్దలు అక్కడి నుంచి కరీబియన్ దీవులు కూడా చూసి రావాలనుకుంటున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అక్కడ కాటమరాన్‌లో, అంటే రెండు డొప్పల మీద తేలే పడవలో, చేసే ఒక్కరోజు ప్రయాణం గురించే.

మా నాలుగు కుటుంబాలవాళ్ళం డిసెంబరులో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. మొత్తం 19 మందిమి. ఆరుగురు అరవై దాటినవాళ్ళు, ఇద్దరు ఐదేళ్ళలోపు పిల్లలు. ప్యూర్టోరికోలో ఫహార్డో నుంచి ఇకాకోస్ దీవికి కాటమరాన్‌లో వెళ్దామని మా అబ్బాయి అంటున్నాడు. మూడు చిన్న పడవలు మాట్లాడుకుంటే మనవాళ్ళమే ఉంటామని కొందరు, ఒకే పెద్ద పడవ మేలని కొందరు. ఏది మంచిది?
— ఒక పాఠకుడు, బరంపురం

ఒకే పెద్ద పడవ. ఇందులో రెండో మాట లేదు. ప్యూర్టోరికో అమెరికా అధీనంలోని ప్రాంతం కాబట్టి అక్కడ అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలే చెల్లుతాయి. కోస్ట్ గార్డ్ తనిఖీ ధ్రువపత్రం లేని పడవ డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. చంకలో బిడ్డ కూడా లెక్కలో ఒక మనిషే. ఆరు మూళ్ళు పద్దెనిమిది, మీరు 19 మంది. ఆ పంతొమ్మిదో మనిషిని ‘ఏం పర్లేదు, సర్దుకుందాం’ అని ఎక్కించుకునేవాడు అక్కడికక్కడే నిబంధన తప్పినట్టు. జరగరానిది జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ లెక్కనే.

పెద్ద కాటమరాన్‌లో ‘సర్టిఫికేట్ ఆఫ్ ఇన్‌స్పెక్షన్’ అనే కాగితం ప్రయాణికులకు కనిపించేలా పెట్టి ఉంటుంది. ఎంతమందిని ఎక్కించుకోవచ్చు, సిబ్బంది ఎంతమంది ఉండాలి, ఏ మేరకు సముద్రంలోకి వెళ్ళొచ్చు అన్నీ అందులో ఉంటాయి. డబ్బు కట్టకముందే మీ అబ్బాయిని ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడగమనండి: “మీది తనిఖీ అయిన పడవేనా? అందులో రాసిన ప్రయాణికుల సంఖ్య ఎంత?” సరైన కంపెనీవాళ్ళు తడుముకోకుండా చెప్తారు. నీళ్ళు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

ఇంకో పద్ధతి కూడా మీ చెవిన పడొచ్చు. ‘బేర్‌బోట్’ కింద రాస్తాం, 12 మంది దాకా ఎక్కొచ్చు అంటారు. ఆ ఒప్పందంలో పడవను ఒకరి దగ్గర అద్దెకు తీసుకుని, కెప్టెన్‌ను విడిగా మీరే పెట్టుకున్నట్టు అవుతుంది. అంటే ఆ రోజుకు పడవ బాధ్యత మీ నెత్తినే. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న బృందం ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

బుకింగ్ అంతా ఒకరి పేరు మీదే చేయండి. నాలుగు కుటుంబాలు నాలుగు కార్డులతో నాలుగుసార్లు కొంటే, చివరివాళ్ళకు సీట్లు లేక వేరే పడవకో వేరే రోజుకో వెళ్ళాల్సి వస్తుంది. ధర అడిగినప్పుడు అక్కడి 11.5 శాతం అమ్మకపు పన్ను కలిపి చెప్తున్నారో లేదో తేల్చుకోండి. సిబ్బందికి 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి మర్యాద. ఆ డబ్బు మొదటే అందరి దగ్గరా వసూలు చేసి ఒకరి చేతిలో ఉంచండి, రేవులో దిగాక లెక్కలు వేసుకుంటూ నిలబడే అవస్థ ఉండదు. కెప్టెన్ వాతావరణం బాగాలేక రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కిస్తారా, మీరే మానుకుంటే ఎన్ని గంటల ముందు చెప్పాలి, ఈ రెండూ రాతలో ఉండాలి.

ప్రతి పెద్దమనిషీ బాధ్యతా పత్రం మీద సంతకం చేయాలి. చాలామంది దాన్ని ఫోన్‌కే పంపిస్తారు. పడవ ఎక్కే పొద్దున ఆరుగురు పెద్దల చేత ఒక్క ఫోన్‌లో సంతకాలు పెట్టించడం మొదలుపెడితే పడవ ఆగదు. ముందురోజు రాత్రే కూర్చుని, అందులో ఏముందో వాళ్ళకు తెలుగులో చెప్పి పెట్టించండి. గుండె జబ్బు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, గర్భం గురించి అడుగుతారు. దాచకండి.

ఫహార్డోలో ‘విల్లా మరీనా’, ‘ప్యూర్టో డెల్ రే’ అని రెండు పెద్ద రేవులున్నాయి. అవి పక్కపక్కన లేవు. తప్పు రేవుకు చేరి పడవ పోగొట్టుకునే బృందాలు ఉంటాయి కాబట్టి ఏ రేవు, ఏ గేటు అన్నది డ్రైవరుకు రాసి ఇవ్వండి. రాజధాని సాన్ హువాన్ నుంచి రోడ్డు గంట, పొద్దుటి రద్దీలో ఇంకా ఎక్కువ. సాయంత్రం ఫహార్డోలో ఫోన్‌లో కారు పిలిస్తే దొరుకుతుందన్న నమ్మకం లేదు. రానుపోను వ్యాను ముందే మాట్లాడుకోండి. శనాదివారాల్లో ఇకాకోస్ తీరం స్థానికుల మోటారు పడవలతో కిక్కిరిసిపోతుంది, మంగళ, బుధవారాలు నయం. మీ యాత్రలో ఆఖరి రోజున మాత్రం పెట్టుకోకండి. గాలి ఎక్కువై వాయిదా పడితే మర్నాటికి మార్చుకునే వీలుండాలి.

చిలికలో రంభ నుంచి, బార్కుల్ నుంచి ఎన్నిసార్లు పడవ ఎక్కినా నాకు ఏమీ కాలేదు. అక్కడ వాంతులు అవుతాయా? అందుకు మందులు ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలా?
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

చిలికను బట్టి లెక్క వేయకండి. అది లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు, అక్కడ లేచేది చిన్న అల. ఫహార్డో దగ్గర అట్లాంటిక్ నుంచి వచ్చే పొడవాటి అలల ఉబ్బు ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది. ఇకాకోస్ కూడా ఫహార్డోకు తూర్పు వైపే. అందుకే వెళ్ళేటప్పుడు పడవ ఎదురుగాలిలో, ఇంజను మీద, అలలను గుద్దుకుంటూ పోతుంది. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, తెరచాప ఎత్తుతారు, ప్రయాణం హాయిగా ఉంటుంది. కడుపులో తిప్పేది ఎక్కువగా మొదటి అరగంటలోనే. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా వీచే గట్టి గాలులను అక్కడివాళ్ళు క్రిస్మస్ గాలులు అంటారు. చలికాలంలో వెళ్ళేవాళ్ళకు ఎదురయ్యేది అవే.

రెండు డొప్పల మీద తేలే పడవ కాబట్టి కాటమరాన్ ఒక పక్కకు ఒరగదు. కానీ ముందువైపు అలల మీద పైకి లేచి కింద పడుతుంది. డొప్పల మధ్య కట్టిన వల మీద పడుకోవాలని అందరూ ముందుకు పరిగెడతారు. కుదుపు ఎక్కువ ఉండేదీ, ఒళ్ళంతా తడిసేదీ అక్కడే. పెద్దవాళ్ళను మధ్యకూ వెనక్కూ మధ్య, నీడ ఉన్నచోట, ముఖం ముందుకు ఉండేలా కూర్చోబెట్టండి. చూపు దూరంగా ఆకాశం సముద్రం కలిసేచోట నిలపాలి. ఫోన్ చూస్తే తల తిరుగుతుంది.

మందు సంగతి. మన షాపుల్లో దొరికే అవోమిన్ ప్రయాణానికి గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. లేదా ముందురాత్రి పడుకునేటప్పుడు. అమెరికాలో మెక్లిజిన్ చీటీ లేకుండానే దొరుకుతుంది, అదీ గంట ముందే. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కడుపులో నిలవదు. రెండూ నిద్ర తెప్పిస్తాయి, కాబట్టి మద్యంతో కలపకూడదు. నీటికాసులు అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ వాపుతో మూత్రం కష్టంగా వచ్చేవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మనవాళ్ళు వాంతులనగానే జేబులో పెట్టుకునే ఓండాన్‌సెట్రాన్ ఇక్కడ పెద్దగా పని చేయదు. అది విషాహారం వాంతులకు మంచిదే, పడవ వాంతులు పుట్టే దారి వేరు. ఖాళీ కడుపుతో ఎక్కకండి. నూనె లేని ఇడ్లీ, కాల్చిన రొట్టె లాంటివి గంటన్నర ముందు తినండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఒక మాట. మందును పడవలోని ఐసు పెట్టెలో నేరుగా పెట్టకండి. గడ్డ కట్టిన ఇన్సులిన్ పనికిరాదు. దాని సంచిలో చుట్టి నీడలో ఉంచితే చాలు.

మా అత్తగారు, నేను చీర తప్ప కట్టం. ఈత రాదు. పడవలో కూర్చుని చూసి వస్తే చాలదా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

చాలు, నీళ్ళలోకి దిగమని ఎవరూ బలవంతపెట్టరు. అయితే ఇకాకోస్‌లో రేవు లేదు. మరుగుదొడ్డి, కొట్టు, తాగునీరు ఏవీ లేవు. పడవ ఒడ్డుకు కొంత దూరంలో లంగరు వేస్తుంది, అక్కడి నుంచి ఇసుక మీదికి నీళ్ళలో నడిచో ఈదో వెళ్ళాలి. ఎంత లోతులో దించుతారో బుకింగ్ రోజే అడగండి. మోకాలి నొప్పులున్నవాళ్ళకు అంతకంటే ముఖ్యం నిచ్చెన. అది పడవ వెనకవైపు ఉంటుంది. దిగడం తేలిక, తడిసిన ఒంటితో పైకి ఎక్కడమే కష్టం. ఆ కష్టంలో చీర ప్రమాదం: అయిదున్నర మీటర్ల బట్ట తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది, మెట్టు కనిపించదు. పడవలో కూర్చునేవాళ్ళు చీరతో ఉండొచ్చు గానీ కుచ్చెళ్ళు ఎత్తి దోపుకోవాలి, పమిట పిన్ను పెట్టుకోవాలి. నీళ్ళలో దిగేవాళ్ళకు ఒంటికి అంటుకునే పాలిస్టర్ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, లెగ్గింగ్స్ ఉత్తమం. ఎండ నుంచి కూడా అదే కాపాడుతుంది. నూలు చుడీదార్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది.

ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టండి. నీళ్ళలో నానాక వేళ్ళు సన్నబడి అవి జారిపోతాయి, ఇసుకలో వెతకడం అయ్యే పని కాదు. చెప్పులు రేవులోనే బుట్టలో వేయించుకుంటారు, పడవంతా ఉత్తకాళ్ళతోనే తిరగాలి.

ఈత రానివాళ్ళు కూడా ముఖానికి అద్దం (మాస్కు), నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని చేపలు చూడొచ్చు, కాని లైఫ్ జాకెట్ తొడిగి, తాళ్ళు బిగించి, పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే. మాస్కు సరిపోయిందో లేదో ఒడ్డునే చూడాలి. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా పడిపోకుండా నిలిస్తే సరిపోయినట్టు. జుట్టు పాయ ఒక్కటి లోపల ఇరుక్కున్నా నీళ్ళు కారతాయి. మీసాలవాళ్ళకు పైపెదవి దగ్గర కారడం మామూలే, అక్కడ కొంచెం వ్యాజిలిన్ రాస్తే తగ్గుతుంది. కళ్ళజోడు మీద మాస్కు కూర్చోదు, పవరు ఉన్న మాస్కులు ఉన్నాయేమో ముందుగా అడగాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఈ పని పెట్టుకోవద్దు. గొట్టం ద్వారా ఊపిరి తీయడం గుండెకు శ్రమ. నీళ్ళలో ఆయాసం వచ్చిన మనిషి చేయి ఊపకుండానే మునిగిపోగలడు.

అలవాటు కోసం గోపాలపురం సముద్రంలో దిగకండి. అక్కడ అల విరిగే తీరు, వెనక్కి లాగే తీరు వేరు. ఈత కొలనులో నాలుగు పూటలు ముఖం నీళ్ళలో పెట్టి ఊపిరి తీయడం నేర్చుకుంటే ఎక్కువ ఉపయోగం.

మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. పడవలో భోజనం మాటేమిటి?
— ఒక పాఠకుడు, గుణుపురం

‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. మాంసం, కోడి, చేప, గుడ్డు, హ్యామ్ ఏవీ వద్దని విడివిడిగా రాసి పంపండి. పడవ భోజనం చాలావరకు బ్రెడ్డు, చీజు, కోసిన మాంసం ముక్కలు, పళ్ళు. అదే ఒకవేళ అన్నం, చిక్కుడు గింజల కూర అయితే మరీ జాగ్రత్త. చూడటానికి మన రాజ్మా లాగే ఉంటుంది గానీ అక్కడ ఆ కూరను తరచుగా హ్యామ్ వేసి వండుతారు. బయటి తిండి తెచ్చుకోవచ్చా అని అడిగి, ఒప్పుకుంటే పులిహోర పట్టుకెళ్ళండి. చింతపండు పులుసు వల్ల అది ఎండలో కూడా సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం ఆ వేడికి పులిసిపోతుంది. గాజు సీసాలు వద్దు. బరంపురం ఊరగాయను సీసాలోంచి తీసి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మార్చుకోండి.

చాలా పడవల్లో మధ్యాహ్నం నుంచి రమ్ము ఉచితం. అక్కడ మద్యం వయసు 18. మీ కుర్రవాళ్ళతో ముందే మాట్లాడుకోండి: నీళ్ళలోకి దిగడం పూర్తయ్యాకే. పడవలో మరుగుదొడ్డి ఒకటో రెండో ఉంటాయి, వాటి గొట్టాలు సన్నవి. కాగితం వేస్తే మూసుకుపోయి మిగతా రోజంతా అందరికీ ఇబ్బంది. రేవులో ఎక్కకముందే ఒకసారి వెళ్ళి రండి.

తిరిగి అమెరికాలోని ఊళ్ళకు విమానం ఎక్కేముందు సాన్ హువాన్ విమానాశ్రయంలో వ్యవసాయ శాఖవాళ్ళు సామాను పరీక్షిస్తారు. మామిడిపళ్ళు కొని పెట్టెలో పెట్టుకుంటే అక్కడే తీసేస్తారు.

మాకు అమెరికా వీసా లేదు. భారత పాస్‌పోర్టుతో వీసా లేకుండా కరీబియన్ వెళ్ళొచ్చంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, జయపురం

బార్బడోస్, జమైకా లాంటి చోట్లకు పర్యాటకులుగా వెళ్ళే మనవాళ్ళకు ముందస్తు వీసా అక్కర్లేదు. చిక్కంతా దారిలోనే ఉంది. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికే అయినా వీసా కావాలి. లండన్ మీదుగా అయితే ఆ దేశపు ట్రాన్సిట్ షరతులు చూసుకోవాలి. టికెట్టు కొనే ముందు దారి, తర్వాతే దీవి. అమెరికా వీసాకు ఒడిశావాళ్ళ కార్యాలయం హైదరాబాద్ కాన్సులేటే, మన రాష్ట్రం దాని పరిధిలోనిదే.

వీసా ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. అమెరికావే అయిన వర్జిన్ దీవులకు వెళ్ళి, సెయింట్ థామస్ నుంచి ఒక్కరోజు పడవలో యోస్ట్ వాన్ డైక్ చూసొస్తామంటే, అది బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోది. నాలుగు గంటలకే అయినా దేశం దాటినట్టే. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, వెనక్కి రావడానికి అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లేదై ఉండాలి. ఫహార్డో నుంచి ఇకాకోస్‌కు ఆ గొడవ లేదు. పెద్దవాళ్ళున్న బృందాలకు మేము ఆ దారినే చెప్పడానికి అదొక కారణం.

దసరా సెలవుల్లో వెళ్తే పిల్లల చదువు పాడవదు. అక్టోబరు మొదట్లో ఎలా ఉంటుంది?
— ఒక పాఠకురాలు, ఆస్కా

వద్దు. అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అందులో ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు దాకా ఉద్ధృతి ఎక్కువ. ప్యూర్టోరికోను కుదిపేసిన మారియా 2017 సెప్టెంబరు 20న తీరం దాటింది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన సంగతి మీ ప్రాంతంవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడా గడ్డు నెలలు దాదాపు ఇవే. తప్పనిసరైతే రద్దు చేసుకునే వీలున్న టికెట్లు, తుపాను పేరు ప్రకటించకముందే కొన్న ప్రయాణ బీమా ఉండాలి. పేరు పెట్టాక కొంటే ఆ తుపాను నష్టం సాధారణంగా బీమా కిందికి రాదు. పడవ రోజుకు ముందు సాయంత్రం సాన్ హువాన్ వాతావరణ కార్యాలయం సముద్ర సూచన చూడండి. చిన్న పడవలకు హెచ్చరిక అని ఉంటే, కంపెనీ బయల్దేరదామన్నా మీ పెద్దవాళ్ళను ఆ రోజు ఎక్కించకండి.