మిల్లులో వాటా కొనే ముందు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అచ్చంపేట దగ్గరి నూనె మిల్లులో మీ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ వాటా కొనాలనుకుంటోందని చెప్పావు. ఆలోచన మంచిదే. యాసంగి పల్లికాయ అంతా నేరుగా మార్కెట్‌కే పోతుంటే నూనె, పల్లిచెక్క (నూనె తీశాక మిగిలే పిండి) మీద వచ్చే లాభం రైతుకు ఎప్పటికీ దక్కదు.

అయితే వాటా కొనడం వేరు, మిల్లు ఆస్తి కొనడం వేరు. షేర్లు కొంటే పాత అప్పులు, జీఎస్టీ బకాయిలు, కోర్టు కేసులు ఆ కంపెనీలోనే ఉంటాయి, మీ షేర్ల విలువను తినేస్తాయి. షెడ్డు, యంత్రాలు మాత్రమే కొంటే ఆ బరువు చాలావరకు అమ్మినవాళ్ల మీదే ఉంటుంది. కానీ బ్యాంకు తాకట్టు మాత్రం ఆస్తిని వదలదు. అందుకే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించు, కరెంటు బకాయి ఎంతుందో అడుగు, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు చూడు. మిల్లు ఒక్కరి పేరునే ఉంటే అసలు షేర్లే ఉండవు. పార్ట్‌నర్‌షిప్ అయితే చేరొద్దు, దాని అప్పులకు మీ కంపెనీ పూర్తిగా బాధ్యత పడాల్సి వస్తుంది.

ఇక చట్టం. 2020 సవరణతో కంపెనీల చట్టంలో ఉత్పత్తిదారుల కంపెనీలకు వేరే అధ్యాయం వచ్చింది. దాని ప్రకారం మరో ఉత్పత్తిదారుల కంపెనీ కాని కంపెనీలో షేర్లు కొంటే, మీ చెల్లించిన మూలధనం (సభ్యులు షేర్లకు కట్టిన డబ్బు), ఫ్రీ రిజర్వులు (లాభాల్లోంచి మిగిల్చిన నిధి) కలిపి చూసి అందులో 30 శాతం దాటకూడదు. రెండూ కలిపి 20 లక్షలనుకో, 6 లక్షలే హద్దు. దాటాలంటే సభ్యుల ప్రత్యేక తీర్మానం, దాంతోపాటు కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. అనుబంధ కంపెనీ పెట్టినా, మరో సంస్థతో కలిసి జాయింట్ వెంచర్‌కు (ఉమ్మడి వ్యాపారానికి) పోయినా ప్రత్యేక తీర్మానం తప్పదు. అంటే వద్దన్న ఓట్లకు కనీసం మూడింతలు సరేనన్న ఓట్లు పడాలి.

బోర్డులో ఐదుగురు సంతకాలు పెడితే చాలదా అంటారు కొందరు. ఒప్పుకోకు. అది కూలినాలి చేసి షేరు కట్టిన రైతుల డబ్బు. ఊరూరికీ పోయి లెక్క చెప్పు. డైరెక్టర్లలో ఎవరికైనా మిల్లువాళ్లతో చుట్టరికం ఉంటే ముందే బయటపెట్టించు. కొన్న ప్రతి షేరునూ తేదీ, విలువతో పెట్టుబడుల రిజిస్టర్‌లో రాయించు. ఆ రిజిస్టర్ చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది.

నన్నడిగితే ఈ యాసంగికి మిల్లు లీజుకు తీసుకోండి. నూనె ఎంత దిగుతోందో, కరెంటు ఖర్చెంతో మీ లెక్కల్లోనే తేలుతుంది. కాగితాలు అందగానే నాకు పంపు, ఆడిటర్‌తో కూర్చుని చూద్దాం. అంతదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నీ మామ