బీడ్ బాగుంది, ప్లేటు కరగలేదు

ప్రశ్న: మేస్త్రీ గారూ, గుంటూరులో చిన్న వెల్డింగ్ షాపు పెట్టుకున్నాను. ట్రాక్టర్ ట్రక్కు డ్రాబార్ (ట్రాక్టర్‌కి తగిలించే కడ్డీ) దగ్గర 16 ఎంఎం ప్లేట్లు రెండు సిఓటూ మెషిన్‌తో, అంటే గ్యాస్ వదులుతూ వైరు కరిగించే మెషిన్‌తో, అతికాను. బీడ్, అంటే వెల్డింగ్ వరస, చాలా నీట్‌గా వచ్చింది. నాలుగు రోజులకే పట్టీలా ఊడింది. రాడ్‌తో వేస్తే నిలుస్తుందా? – ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఊడిన చోట ప్లేటు అంచు చూడు. నువ్వు గ్రైండర్ పట్టిన గీతలు ఇంకా అలాగే కనిపిస్తుంటే, మెటల్ పైన కూర్చుందే గాని ప్లేటులో కలవలేదు.

తప్పు సిఓటూది కాదు. 0.8 ఎంఎం వైరుతో, 120 ఆంపియర్లలో వైరు కొస ప్లేటుకి తగిలి తగిలి చుక్కలు వదులుతుంది. రేకు పనికి అది చాలు. 16 ఎంఎం ప్లేటు మాత్రం ఆ వేడినంతా చుట్టూ లాగేసుకుంటుంది. అదే 1.2 వైరు పెట్టి 250 ఆంపియర్ల పైన నడిపితే సిఓటూ బాగా లోతుకి దిగుతుంది. నీ మెషిన్ అంత ఇవ్వకపోతే రాడ్డే నయం. 6013 రకం రాడ్ వద్దు, అది పైపైనే పోతుంది. 7018 తీసుకో. 3.15 రాడ్‌కి 110 నుంచి 130 ఆంపియర్లు, డీసీలో రాడ్‌కి ప్లస్ ఇవ్వు. చెమ్మ తగిలిన రాడ్ వాడితే తర్వాత పగుళ్లొస్తాయి, ఓవెన్‌లో కాల్చిందే వాడు.

ఇంత చేసినా రాడ్ దిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. అందుకే వి కట్ తప్పదు. రెండు అంచులూ చెరో 30 డిగ్రీలు ఏటవాలుగా కొట్టు, అడుగున 2 ఎంఎం అంచు కొట్టకుండా ఉంచు, మధ్యలో 3 ఎంఎం సందు వదులు. రూట్ రన్ (అడుగున వేసే మొదటి వరస) వేసేటప్పుడు ఆర్క్ ముందు చిన్న రంధ్రం తెరుచుకుంటూ వెనకాల మూసుకుంటూ రావాలి. ఆ రంధ్రం కనిపిస్తేనే అడుగు కరుగుతున్నట్టు. నెమ్మదిగా పోతే ఎక్కువ దిగుతుందనుకోకు, కరిగిన మెటల్ ఆర్క్ కంటే ముందుకు పారి అడ్డుపడుతుంది. ప్రతి రన్‌కీ పైన కట్టే స్లాగ్ పెంకు పూర్తిగా కొట్టెయ్.



విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న కొత్తలో నేనూ వి కట్ లేకుండా డ్రాబార్‌కి వెల్డింగ్ పెట్టాను. మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకి పోతుంటే మంగళగిరి దాటాక ట్రక్కు విడిపోయింది. వెనక ఏ బండీ లేదు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే చెబుతున్నా, ఊడినదాని మీదే మళ్లీ వేయకు. పాతదంతా గ్రైండ్ చేసెయ్. అదే మందం తుక్కు ముక్కలు రెండు టీ ఆకారంలో నిలబెట్టి, ఒక్క పక్కే వెల్డింగ్ పెట్టి, సుత్తితో వెల్డింగ్ మీదకి మడిచి విరగ్గొట్టు. మూలలో ప్లేటు అంచు తిన్నగా గీతలా కనిపిస్తే ఆంపియర్లు పెంచి ఇంకో ముక్క చెయ్యి. ఆ గీత పోయాకే రైతు ట్రక్కు ముట్టుకో.