కార్డు లిమిట్‌ను అత్యవసర నిధి అనుకోకండి

ప్రశ్న: మాది హిందూపురం. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి, కుందలహళ్లి దగ్గర అద్దెకు ఉంటున్నాం. నాకూ మా ఆవిడకూ కలిపి నెలకు రూ.1,32,000 చేతికొస్తుంది. నాలుగేళ్ల పాప ఉంది. అద్దె రూ.27,000, ఇంటి ఖర్చు రూ.24,000, పాప స్కూలుకు రూ.8,000, కారు ఈఎంఐ రూ.11,500, ఊళ్లో అమ్మానాన్నలకు రూ.10,000, సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసేది) రూ.12,000. ఎండాకాలం మొదలైతే శని, ఆదివారాలు ఇంట్లో ఉండం. నంది కొండలు, చిక్కమగళూరు, ఏదో ఒక చెరువు గట్టు, స్నేహితుల కుటుంబాలతో హోమ్‌స్టేలు. ఒక్కోసారికి నాలుగైదు వేలే అవుతుంది. అయినా రెండు క్రెడిట్ కార్డుల మీద బాకీ రూ.1,64,000కు చేరింది. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) ఎప్పుడూ తప్పలేదు. మే నెలలో రెండు వైపుల పెద్దవాళ్లనూ తీసుకుని ఏడుగురం కొడగు వెళ్లాలనుంది. ఒక యాప్ రూ.3 లక్షల లోను ఇస్తానంటోంది. వడ్డీ నెలకు 1.75 శాతమే, 36 నెలలు, ఈఎంఐ రూ.13,583. దాంతో కార్డులు తీర్చేసి, మిగిలింది ట్రిప్‌కు వాడదామని ఆలోచన. ఎఫ్‌డీ రూ.1,00,000, మ్యూచువల్ ఫండ్లు రూ.2,10,000, సేవింగ్స్ ఖాతాలో రూ.18,000 ఉన్నాయి. వాటిని కదపడం ఇష్టం లేదు. అత్యవసరం వస్తే కార్డుల్లో ఇంకా రూ.1,86,000 లిమిట్ ఉంది. ఇలా చేయవచ్చా?

జవాబు: ఆ లోను తీసుకోకండి. కారణాలు తర్వాత చెబుతాను కానీ, ఈలోగా యాప్‌లో ఏ బటనూ నొక్కకండి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది బాకీ కన్నా మీరు చివర్లో రాసిన మాట. అత్యవసరం వస్తే కార్డులో లిమిట్ ఉందన్నారు. ఇద్దరూ సంపాదిస్తున్న ఇళ్లలో ఈ మాట తరచూ వింటున్నాను. మీకు విడిగా కాకుండా ఇక్కడ అందరి ముందూ జవాబు రాస్తున్నదీ అందుకే. లిమిట్ మీ డబ్బు కాదు. మీకు జీతం వస్తున్నంతకాలం, కట్టాల్సింది సమయానికి కడుతున్నంతకాలం బ్యాంకు ఇచ్చే వెసులుబాటు. మీ పరిస్థితి బాగాలేదనిపిస్తే బ్యాంకు దాన్ని తగ్గించనూ వచ్చు. ఉద్యోగం పోయిన నెలలో మీకు కావాల్సింది అద్దె డబ్బు, స్కూలు ఫీజు, కారు ఈఎంఐ, ఊరికి పంపే పది వేలు. వీటి కోసం కార్డు నుంచి నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

ఇంకో సంగతి మీరు గమనించలేదు. మీ మొత్తం లిమిట్ రూ.3,50,000. అందులో రూ.1,64,000 ఇప్పటికే అయిపోయింది. అంటే చిక్కమగళూరు హోమ్‌స్టేకు గీకిన ప్రతి రూపాయీ మీరు అత్యవసర నిధి అనుకుంటున్న దాంట్లోంచే పోయింది. ఆపదకు ఉంచుకున్నామనుకునే డబ్బూ, ఆదివారం షికారు డబ్బూ ఒకే చోట ఉన్నాయి. ఇలా ఉన్నంతకాలం మీకు అత్యవసర నిధి లేనట్టే.

మినిమం డ్యూ తప్పలేదని ధైర్యంగా రాశారు. లెక్క చూడండి. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే రూ.1,64,000 మీద రూ.5,740. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.1,033. కలిపి రూ.6,773. మినిమం డ్యూ 5 శాతం అయితే మీరు కట్టేది రూ.8,200. అందులో అసలుకు జమయ్యేది రూ.1,427 మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చనివారికి కొత్త ఖర్చుల మీద వడ్డీ లేని గడువు వర్తించదు. ఈ శనివారం కొన్న టిఫిను మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ పడుతోంది.

నాలుగైదు వేల ట్రిప్పులతో ఇంత బాకీ ఎలా పెరిగిందన్నది మీ ఉత్తరంలో లేదు. నాకున్న అనుమానం చెబుతాను, మీ స్టేట్‌మెంట్లతో సరిచూసుకోండి. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు రివార్డు పాయింట్ల కోసం ఒకరు తన కార్డు మీద మొత్తం బుక్ చేస్తారు. మిగతావాళ్లు తమ వాటా యూపీఐలో పంపుతారు. ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడుతుంది, పది రోజుల్లో కూరగాయలకీ పెట్రోలుకీ కరిగిపోతుంది. కార్డు బిల్లు మాత్రం నాలుగు కుటుంబాలది వస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది చాలామంది చేసే పొరపాటు. స్నేహితులు పంపిన డబ్బు కార్డుది, మీది కాదు. వచ్చిన రోజే కార్డుకు కట్టేయాలి. అది కుదరదనుకుంటే బుకింగ్ బాధ్యత ఇంకొకరికి అప్పగించండి.

ఇక ఆ లోను. నెలకు 1.75 శాతమే అని మీకు చెప్పినవాళ్లు ఫ్లాట్ వడ్డీ చెప్పారు. రూ.3 లక్షల మీద 36 నెలలకు వడ్డీ రూ.1,89,000. అసలుతో కలిపి 36తో భాగిస్తే మీరు రాసిన రూ.13,583 సరిగ్గా వస్తుంది. అంటే ముప్పై అయిదో నెలలో అసలు దాదాపు తీరిపోయాక కూడా మీరు రూ.3 లక్షల మీదే వడ్డీ కడుతుంటారు. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి సుమారు 35 శాతం. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే ఇంకా ఎక్కువ. కార్డు వడ్డీ నుంచి తప్పించుకోవడానికి దాదాపు అంతే వడ్డీకి మరో అప్పు, దాంట్లో దాదాపు సగం విహారయాత్రకు! 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ టర్మ్ లోన్లకు, లోను ముఖ్య వివరాలన్నీ ఒకచోట ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి చేసింది రిజర్వ్ బ్యాంకు. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం. ఎవరు ఏ వడ్డీ చెప్పినా ఆ అంకె చూశాకే నమ్మండి.

కదపడం ఇష్టం లేదన్న డబ్బునే కదపమంటున్నాను. ఎఫ్‌డీ రద్దు చేసుకోండి. గడువుకు ముందు తీస్తే కొంత వడ్డీ కోస్తారు, పర్వాలేదు. ఆరేడు శాతం తెచ్చే డిపాజిట్‌ను పక్కన పెట్టుకుని నలభై శాతం దాటిన వడ్డీ కట్టడం మీకు నష్టం. మిగతా రూ.64,000 మ్యూచువల్ ఫండ్లలోంచి తీయండి. ఏడాది దాటిన ఈక్విటీ (షేర్లలో పెట్టే ఫండ్ల) యూనిట్లు ముందు అమ్మండి. ఆ లాభం ఏడాదికి రూ.1.25 లక్షల వరకు పన్ను ఉండదు. రెండు కార్డులూ ఒకేసారి సున్నా అవుతాయి. తర్వాత ఒక కార్డు రద్దు చేసి, రెండోదానికి మొత్తం బిల్లు ఆటోడెబిట్ పెట్టండి. మినిమం డ్యూకు కాదు, మొత్తానికి. బంగారం లోను గురించి అడిగేవారుంటారు. మీకు చేతిలో డబ్బు ఉంది కాబట్టి అది అవసరమే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సిప్ పక్కన పెడితే మీ ఇంట్లో తప్పించుకోలేని ఖర్చు నెలకు రూ.80,500. ఆరు నెలలకు రూ.4,83,000. ఇది మీ అత్యవసర నిధి. తక్కువేమీ కాదు, నాకు తెలుసు. కానీ బెంగళూరులో ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటే కొత్త ఇంటికి అయిదు నుంచి పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగే ఊరిది. పాత ఓనరు ఇవ్వాల్సింది చేతికి రాకముందే కొత్త ఇంటికి కట్టాలి. అదే సమయంలో ఒకరి ఉద్యోగం పోతే ఏం చేస్తారో ఇద్దరూ కూర్చుని ఒకసారి కాగితం మీద రాసుకోండి.

సిప్ ఏడాది పాటు ఆపండి. ఈ మాట కొందరు సలహాదారులకు నచ్చదు. అత్యవసర నిధి లేకుండా నడిచే సిప్‌ను మొదటి కష్టంలోనే, అదీ మార్కెట్ పడిన రోజున, నష్టానికి అమ్ముకుంటారు. అందుకే ముందు నిధి. కార్డు బాకీ తీరితే మీకు నెలకు రూ.39,500 మిగులుతుంది. ఆగిన సిప్‌తో కలిపి రూ.51,500. ఇందులో రూ.39,500 నిధికి, రూ.12,000 షికార్లకు. సేవింగ్స్‌లో ఉన్న రూ.18,000 కలుపుకుంటే ఏడాదిలో పూర్తవుతుంది. మొదటి రూ.80,500 పోగయ్యే దాకా మాత్రం ఆ పన్నెండు వేలలో కూడా సగం ఇటే వేయండి.

ఈ నిధిని ఇద్దరి పేరుతో వేరే బ్యాంకులో, ఎవరైనా ఒక్కరు తీసుకోగలిగే ఖాతాలో ఉంచండి. మీరు ఆస్పత్రిలో ఉన్న రోజు మీ శ్రీమతి చేతికి డబ్బు అందాలి కదా. ఆ ఖాతాను యూపీఐ యాప్‌కు కలపకండి. రెండు నెలల ఖర్చు పోగయ్యాక, ఆపై వచ్చేది, ఒకట్రెండు రోజుల్లో వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో వేసుకోవచ్చు.

షికార్లు మానమని నేను అనను. పాప చిన్నది, పెద్దవాళ్లు తిరగగలిగే వయసులో ఉన్నారు. ఈ ఎండాకాలాలు మళ్లీ రావు. నెలకు రూ.12,000 వేరే ఖాతాలో వేసి, ఆ ఖాతాకే యూపీఐ పెట్టుకోండి. అది అయిపోతే ఆ నెలకు అంతే. మీ ఇంటి దగ్గరే పర్పుల్ లైన్ మెట్రో ఉంది. నేరుగా కబ్బన్ పార్కుకు, మెజెస్టిక్‌లో మారితే లాల్‌బాగ్‌కు వెళ్లవచ్చు. 240 ఎకరాల తోట, పిల్లలు ఎక్కి దిగే పాత కొండరాయి, పొద్దున్నే చల్లగాలి. స్నేహితుల కుటుంబాలతో ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుంటే ఆ రోజు ఖర్చు వెయ్యి దాటదు.

కొడగు ఈ ఏడాది వద్దు. మే సెలవుల్లో హోమ్‌స్టే ధరలు ఎక్కువ, ట్రిప్ కోసం విడిగా దాచిన సొమ్ము మీ దగ్గర లేదు. బదులుగా రెండు వైపుల పెద్దవాళ్లనూ మీ ఊరికే రమ్మనండి. హిందూపురానికి రైలుంది. అక్కడి నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లే. వేలాడే స్తంభం, ఏకశిలా నంది, కప్పు మీది వర్ణచిత్రాలు పాపకు మీ నాన్నగారే చూపిస్తారు. విజయనగర ఖజానా సొమ్ముతో రాజుకు తెలియకుండా గుడి కట్టాడన్న నింద ఖజానా అధికారి విరూపణ్ణ మీద పడిందని అక్కడి స్థలపురాణం. చేసింది మంచి పనే అయినా ఖజానాకు లెక్క చెప్పాల్సే వచ్చింది. కొడగు కోసం డిసెంబరు నుంచి ఆ పన్నెండు వేలలోంచే కొంత దాచండి. వచ్చే ఏడాది అప్పు లేకుండా వెళ్తారు.

బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. కంపెనీ పాలసీ మీదే ఆధారపడ్డారనుకుంటున్నాను. ఉద్యోగంతోపాటే అదీ పోతుంది. ముగ్గురికీ సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకోండి. బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. ముందున్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిముకు ఆగాల్సిన కాలం) ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే, కాబట్టి ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉందేమో కనుక్కోండి. ఎంత మంచి పాలసీ అయినా ఆస్పత్రి బిల్లు కడుతుంది కానీ, మీరు మంచం మీదున్న నెల ఇంటి అద్దె కట్టదు. ఆ పని నిధిదే.

ఈ జవాబు చదివేలోపే లోనుకు సరేననేసి ఉంటే కంగారు పడకండి. డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మీకు ఎన్ని రోజులిచ్చారో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వెనక్కి రాకపోవచ్చు. యాప్‌లోనే కాకుండా ఈమెయిల్‌లో కూడా రద్దు కోరుతూ రాయండి, లోను మూసేసినట్టు వాళ్ల నుంచి లిఖితపూర్వకంగా తీసుకుని భద్రపరచండి.