వృషణాల సంచిలో మెత్తటి గడ్డ: వేరికోసీలా, హెమాంజియోమానా?

మొదట తేడా చూపేది కలర్ డాప్లర్ స్కాన్ (రక్తం కదలికను రంగుల్లో చూపే అల్ట్రాసౌండ్); పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ముక్కించి ఇంకోసారి చూడాలి.

వేరికోసీల్ అంటే వృషణాల సంచిలోని సిరలు ఉబ్బడం. అందులో సిరల కవాటాలు చెడి, ముక్కినప్పుడు రక్తం వెనక్కి దిగుతుంది. సిరలు సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటి ఉబ్బుతాయి. హెమాంజియోమా క్యాన్సర్ కాని రక్తనాళాల ముద్ద, చాలా అరుదు. అందులో రక్తం మెల్లగా కదులుతుంది, ముక్కినా పెద్దగా మారదు. లోపల సున్నపు చుక్కలు మెరిస్తే హెమాంజియోమా అనే అనుమానం బలపడుతుంది.

చిత్తూరులో పడుకోబెట్టి మాత్రమే తీసిన స్కాన్‌లో వేరికోసీల్ అని వచ్చిందనుకోండి. తిరుపతిలో నిలబెట్టి చూస్తే రక్తం వెనక్కి రాలేదు. అప్పుడు హెమాంజియోమా అనుమానంతో ఎమ్మారై; చివరికి తేల్చేది తీసిన గడ్డకు చేసే బయాప్సీ.

సూదితో గుచ్చి చూస్తే చాలదా అంటారు. చాలదు, తరచూ ఉత్త రక్తమే వస్తుంది, పైగా లోపల కారి వాపు పెరగొచ్చు. గడ్డ వృషణం లోపలే ఉంటే సూది అసలు వద్దు. క్యాన్సర్‌గా అనుమానించి గజ్జల దగ్గర కోసి చూస్తారు.