సముద్ర శిలాజాలు ఇప్పటి జీవజాలాన్ని కాపాడుకోవడానికి ఎలా పనికొస్తాయి?

ఒక చోట ఎంత నష్టం జరిగిందో చెప్పాలంటే, జరగకముందు అక్కడ ఏముండేదో తెలియాలి. మనం లెక్కలు రాయడం మొదలుపెట్టేసరికే చాలాచోట్ల ఆలస్యమైపోయింది. ఆ పాత లెక్క చనిపోయిన సముద్ర జీవుల గుల్లల్లో మిగిలుంది.

కొలరాడో నది మెక్సికోలో సముద్రంలో కలిసే చోటు చూడండి. 1930ల నుంచి ఎగువన అమెరికాలో పెద్ద ఆనకట్టలు కట్టడంతో నీళ్లు అక్కడిదాకా రావడం దాదాపు ఆగిపోయింది. అంతకుముందు అక్కడి జీవుల్ని క్రమపద్ధతిలో ఎవరూ లెక్కించలేదు. కానీ తీరంలో ఆల్చిప్పలు దిబ్బలుగా పడున్నాయి. వాటి వయసు కట్టి పరిశోధకులు 2000లో వేసిన అంచనా నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది: వెయ్యేళ్లలో పోగైనవి కనీసం 2 లక్షల కోట్లు. అంటే ఒకప్పుడు చదరపు మీటరుకు సగటున 50 ఆల్చిప్పలు బతికేవి. వాళ్లు చూసేనాటికి మిగిలింది 3 నుంచి 17.

ఇది నది నీటి లోటేనని ఎలా అనగలం? సముద్రపు నీటితో పోలిస్తే నది నీటిలో బరువైన ఆక్సిజన్ పరమాణువులు తక్కువ. గుల్ల పొరపొరగా పెరిగేటప్పుడు ఆ తేడా అందులోనే నిలిచిపోతుంది. ఆనకట్టలకు ముందునాటి గుల్లల్లో మంచినీటి జాడ స్పష్టంగా ఉంది.

ఒక దిబ్బలో ఎన్నో శతాబ్దాల గుల్లలు కలిసిపోతాయి కాబట్టి ఫలానా ఏడాది సంగతి తేలదు. నాకైతే అదే మేలనిపిస్తుంది, ఒక మంచి ఏడాదినో చెడ్డ ఏడాదినో చూసి మోసపోము.

2014లో రెండు దేశాల ఒప్పందంతో కొన్ని వారాలు నీళ్లు వదిలితే, నది కొద్దికాలం మళ్లీ సముద్రాన్ని తాకింది.